మూత తీసిన పెన్ను

నొప్పుల సిస్టరు దర్జీకి ఏదో మందిచ్చి చంపేసిందని మా వీధిలో ఓ మాట తిరుగుతోంది. ఎవరు పుట్టించారో గానీ, ఆ మధ్యాహ్నం దర్జీ కాళ్ళు పట్టుకుని కూర్చున్నది నేను. నా చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది, ఆరా తీయడం మాత్రం ఆగలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సిస్టరు మా పక్కింటి పిల్లే. నయంకాని జబ్బులవాళ్ళ నొప్పి తగ్గించడంలో పెద్ద చదువే చదివింది. ఇల్లిల్లూ తిరిగి మందుల చీటీ తనే రాసి, సంచీలోంచి మందు తీసి ఇస్తుంది. ఆ రాతకో హద్దుంది. డాక్టరు మొదలుపెట్టిన మందు మళ్ళీ రాయొచ్చు. మోతాదు పెంచాలంటే డాక్టరు సరే అనాల్సిందే.

దర్జీకి క్యాన్సరు ఎముకల్లోకి దిగింది. ఆ రోజు ఒంటిగంటకల్లా మామూలు మోతాదు ఎందుకూ పనికిరాలేదు. మనిషి దిండు కొరుకుతున్నాడు. ఫోను చేస్తే డాక్టరు ఆపరేషన్లో ఉన్నారన్నారు. ఇంకో డాక్టరు, "ఆ పేషెంటు సంగతి నాకు తెలీదమ్మా" అని పెట్టేశాడు.

"రాసెయ్ తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా!" అంది దర్జీ భార్య.

"మందు నీ సంచీలోనే ఉంది కదే!" అని నేనూ అరిచాను.

సిస్టరు పెన్ను మూత తీసింది. చీటీ మీద దర్జీ పేరు రాసింది. అక్కడ ఆగిపోయింది. మూడున్నరకి డాక్టరు ఫోనెత్తి సరేనన్నాడు. అప్పటికే దర్జీ దిండు వదిలేశాడు, ప్రాణం కూడా.

ఆరు నెలలైంది. మా ఇంటికొచ్చినా సిస్టరు పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది. టక్, టక్. దర్జీ ఇంటి దగ్గరికొస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. లోపల మిషను కుడుతున్న చప్పుడు వినిపిస్తుందట. ఆ మిషను మీద గుడ్డ కప్పి ఉంది, నేను చూశాను.

ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు డాక్టరుని అడక్కుండానే మోతాదు పెంచే హక్కు కూడా ఇస్తామంటున్నారు. దరఖాస్తు మీద సంతకం పెడితే చాలు, రేపే ఆఖరు. ఆ కాగితం సిస్టరు వాళ్ళ వంటింటి గట్టు మీద ఖాళీగా పడుంది. చూడకుండా ఎలా ఉంటాను?

"ఏమే, ఈ హక్కు ఆ రోజే ఉంటే దర్జీ అంత నరకం పడేవాడా? సంతకం పెట్టడానికి నీకేం రోగం?" అని మొహమ్మీదే అడిగేశాను.

టక్కున మూత పెట్టింది.

"ఆ రోజు నన్ను ఆపింది రూలే అత్తయ్యా. అలా అనుకునే బతుకుతున్నా. రేపు ఆ రూలు లేకపోయినా నా చెయ్యి అక్కడే ఆగిపోతే, తప్పు ఎవరి మీదకి తొయ్యను?"