సంత గేటు మీది పేర్లు

దెల్ఫినా కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. సంతలో ఆమెది తమాలెలనే ఆవిరి కుడుముల కొట్టు, పక్కనే నాది ఎండుమిరపకాయల కొట్టు. పొత్తి ఆకుల్లో మొక్కజొన్న పిండి చుడుతూ చుడుతూనే లేచి గంగాళం మూత తీసి చూస్తుంది, ఎదుటి కొట్టువాడి బేరంలో వేలు పెడుతుంది, మళ్ళీ వచ్చి కూలబడుతుంది. ఆమె కూతురి జ్ఞానస్నానానికి తల్లి స్థానంలో నిలబడ్డది నేనే కాబట్టి మాది వదినల వరస. ఆమె అంటే నాకు ప్రేమ ఎంతో విసుగూ అంతే.

ఆ ఏడాది మునిసిపాలిటీవాళ్ళు కొట్ల పన్ను బాకీపడ్డవాళ్ళ పేర్లు పెద్దక్షరాలతో సంత గేటుకి అంటించారు. మొదటి పేరు దెల్ఫినాది. ఊరి చర్చి పునీతుడి పండగ వెళ్ళిన రెండు నెలల్లోపు కట్టకపోతే కొట్టుకి సీలు వేస్తామన్నారు. తమాలెలు కొనడానికి వచ్చినవాళ్ళు ముందు గేటు చదివి, తర్వాత ఆమె మొహం చూసేవారు.

"నా పేరు చదవని కుక్క లేదు ఈ ఊళ్ళో," అంది ఒకరోజు. "కొండదారిలో అంత ఇల్లు కట్టాడే మేయరు! దానికి పన్ను కడుతున్నాడో లేదో ఎవడికైనా తెలుసా?"

"నీకెందుకు వదినా? నీ బాకీ కట్టేసి నోర్మూసుకో."

"కడతాను. ఆయన కట్టాడని చూపించిన రోజు కడతాను."

సర్కారు లెక్కలు ఎవరడిగినా చెప్పి తీరాలని మా దేశంలో చట్టం ఉంది. అడిగేవాళ్ళు పేరు కూడా చెప్పక్కర్లేదు. జిరాక్సు కొట్టులో అర్జీ పెట్టిస్తుంటే, పేరు రాయించొద్దని నేను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. నా భయం నాది. ఆమె తమ్ముడు నాబోర్ ఆ మేయరు దొన్ ఫాకుందోకి కారు డ్రైవరు. తల్లి పోయాక చంటివాణ్ణి ఎత్తుకుని పెంచింది దెల్ఫినాయే. "గేటు మీదున్న పేరు ఇక్కడ దాస్తే దాగుతుందా?" అని ఇంటిపేరుతో సహా చెప్పింది.

జవాబు వచ్చింది. పన్ను వివరాలు వ్యక్తిగత రహస్యమట. సదరు వ్యక్తి సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప ఇవ్వరట.

"మరి నాది రహస్యం కాదా? నన్ను అడిగాడా ఎవడైనా, నీ పేరు అంటించమంటావా అని?" ఆ రోజు ఆమె చుట్టిన తమాలెలు సగం ఊడిపోయాయి. నేను సర్దిచెప్పబోతే నా మీదా విరుచుకుపడింది.

పండగనాడు ఎవరెంత చందా ఇచ్చారో చర్చి మెట్ల మీద మైకులో చదవడం మాకు ఆనవాయితీ. బాణాసంచా దొన్ ఫాకుందోగారిది, బ్యాండు మేళం దొన్ ఫాకుందోగారిది అని గొంతు పోయేలా చదువుతున్నాడు మైకువాడు. చూస్తుండగానే దెల్ఫినా మెట్లెక్కి మైకు లాక్కుంది.

"ఇచ్చింది ఊరంతా వినేట్టు చెప్పుకుంటారు కదా బాబూ, కట్టింది కూడా చెప్పండి. ఇదిగో ఒప్పుకోలు కాయితం, సంతకం పెట్టండి."

దొన్ ఫాకుందో పగలబడి నవ్వాడు. "మీ చేతి తమాలెలు తిన్నవాణ్ణి, కాదంటానా అమ్మా?" అని అక్కడికక్కడే సంతకం గీకేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అంత సులువుగా పెట్టిన సంతకం నాకు నచ్చలేదు. కారు దగ్గర నిలబడ్డ నాబోర్ దించిన తల ఎత్తలేదు.

తర్వాత వచ్చిన జవాబులో ఒకటే ముక్క ఉంది. దొన్ ఫాకుందో పేరున ఊళ్ళో ఇల్లే లేదు, కాబట్టి బాకీ లేదు.

దెల్ఫినా తిన్నగా మునిసిపాలిటీకి వెళ్ళింది. వెనకే సంతంతా కదిలింది. కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది.

"కొండదారిలో నీలం గేటు ఇంటికి పన్ను ఎవరు కడుతున్నారమ్మా?"

"ఎవరూ కట్టట్లేదండీ. చాలా బాకీ ఉంది."

"అయితే ఆ బాకీదారు పేరు కూడా మా పేర్ల పక్కన అంటించు. అంటించేదాకా నేను కదలను."

మర్నాడు పొద్దున గేటు మీద కొత్త కాయితం ఉంది. అందులో మొట్టమొదటి పేరు నాబోర్‌ది, ఇంటిపేరుతో సహా. మేయరు ఇల్లు కాయితాల్లో వీడి పేరున ఉందన్నమాట. బినామీ అంటే ఎవడో పెద్ద మోసగాడు అనుకునేదాన్ని. వీడికి ముక్కు తుడిచింది మేమే.

నాబోర్ పరిగెత్తుకొచ్చాడు. "ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టమన్నారక్కా. కాయితం చదవలేదు."

"చదివుంటే పెట్టేవాడివి కాదా?"

చేతులు జోడించాడు. "ఇప్పుడా బాకీ నా మెడకే చుట్టుకుంటుంది. నీకు దణ్ణం పెడతాను, ఇంక ఊరుకో అక్కా."

అతను వెళ్ళిపోయాక దెల్ఫినా కూర్చుంది. పిండి ముట్టలేదు, మూత తీయలేదు. అలా కూర్చుంటే నాకు భయమేసింది. తిట్టినా బాగుండుననిపించింది. చివరికి లేచి పొయ్యి ఆర్పి, గంగాళం ఎత్తి తోపుడుబండి మీద పెట్టింది. కొట్టు వెనక తను పడుకునే రేకుల గదిలోంచి పరుపుచుట్టా తెచ్చి దాని మీదే వేసింది.

"ఎక్కడికి వదినా?"

"మా తమ్ముడింటికి. అంతిల్లు పెట్టుకుని అక్కని రేకుల గదిలో పడుకోబెట్టాడు, వెధవ. అడగొద్దూ?"

నవ్వాలో ఏడవాలో తెలియక బండికి చెయ్యేశాను. దారి పొడుగునా జనం కలుస్తూనే ఉన్నారు. నీలం గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు. "ఎవరమ్మా? ఇది మేయరు..." అనబోయి, ఎత్తి పట్టిన ఫోన్లు చూసి ఆగిపోయాడు.

అంతలో కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో దొన్ ఫాకుందో, ముందు నాబోర్. కాపలావాడు కిటికీ దగ్గర వంగాడు. "రానివ్వమంటారా సార్?"

ఔనంటే ఇల్లు పోతుంది, కాదంటే నిజం బయటపడుతుంది. మేయరుకి చెమటలు పట్టడం నా కళ్ళతో చూశాను. "నువ్వు దిగి చెప్పరా," అన్నాడు నాబోర్‌తో పళ్ళ బిగువున. "ఇల్లెవరిదో మీ అక్కకి నచ్చజెప్పు."

నాబోర్ దిగాడు. అక్కని చూశాడు, గంగాళాన్ని చూశాడు. అతను కారు తాళాలు తీసి కిటికీలోంచి వెనక సీట్లోకి విసిరేశాడు.

"ఇల్లు నాది," అన్నాడు కాపలావాడితో. "మా అక్కకి గేటు తియ్యి."