పామర్రు నుంచి వచ్చేటప్పుడే

పాపకు మూడో నెలలో జ్వరం వచ్చినప్పుడు, ఒక పుస్తకం పెట్టి టెంపరేచర్ రాయమన్నారు డాక్టరుగారు. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. రాయడం మాత్రం ఆగలేదు. పాలు ఎప్పుడు తాగింది, ఎంతసేపు పడుకుంది, దగ్గు పొడిదా కఫమా, అన్నీ రాసేదాన్ని. పాపకు రెండేళ్లు నిండేసరికి అదే పుస్తకంలోకి మా కారు కూడా వచ్చి చేరింది.

ఆ కారు మా నాన్నది. పామర్రులో ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. ఎనిమిదిమంది పట్టే పాత బండి. ఇంజను ముందుంటుంది, అది తిప్పేది వెనక చక్రాలను. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. కాలువ గట్టు మీద నేను నడుపుతుంటే నాన్న హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసుకుని పక్క సీట్లో కూర్చునేవాడు. పాప పుట్టాక తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "పిల్లని బస్సుల్లో తిప్పకమ్మా, నాకు స్కూటర్ చాలు" అన్నాడు.

అప్పటినుంచి రెండు వారాలకొకసారి శనివారం పొద్దున మేముండే భవానీపురం నుంచి పామర్రు వెళ్లి, ఆదివారం సాయంత్రం తిరిగొస్తాం, నేనూ పాపా. మా వారిది శని, ఆదివారాల్లోనే పని ఎక్కువుండే ఉద్యోగం.

ఆ మోత మొదటిసారి విన్నది అలా వస్తున్నప్పుడే, ఉయ్యూరు దాటాక. స్పీడు అరవై దాటగానే కాళ్ల కింద నుంచి ఊఁ అని మొదలైంది. సీటు సన్నగా వణికింది. యాభైకి తగ్గిస్తే పోయింది. మళ్లీ అరవైకి వెళితే మళ్లీ వచ్చింది. గేరు పక్కన పెట్టిన పాలసీసాలో నురగ లేచింది. రోడ్డు పక్కనే నిండా పారుతున్న కాలువ. చక్రం ఊడితే బండి ఎటు పోతుంది, వెనక తలుపు తెరుచుకుంటుందా, పాప బెల్టు ఒంటి చేత్తో తీయగలనా, కంకిపాడు వచ్చేలోపు అన్నీ ఆలోచించేశాను. మిగతా దారంతా నలభైలోనే నడిపాను. ఆటోలు కూడా హారన్ కొట్టి నన్ను దాటిపోయాయి. పాప మాత్రం ఆ మోతతో గొంతు కలిపి కాసేపు "ఊఁ" అని రాగం తీసి, నిద్రపోయింది.

మర్నాడు ఒక షాపులో చూపిస్తే చక్రాల బ్యాలెన్సింగ్ చేసి, చుట్టూ తిప్పి తెచ్చి, ఏ మోతా లేదన్నారు. నిజంగానే లేదు. రెండు వారాలు హాయిగా తిరిగాం. తర్వాత పామర్రు నుంచి వస్తుంటే అదే చోట, అదే మోత. ఇంకో షాపులో ఇంజను కింద రబ్బరు మౌంటింగులు మార్చారు. వాళ్లూ తిప్పి చూశారు. ఏమీ లేదు. మళ్లీ పామర్రు, మళ్లీ మోత.

"నీ భయమే మోగుతోందేమో చూడు" అన్నారు మా వారు.

"నా భయం అరవై దాటాకే మోగుతుందా అండి?"

ఆయన నవ్వారు కానీ, భోజనం అయ్యాక మెల్లగా అసలు మాట బయటపెట్టారు. ఆఫీసులో ఒకాయన పాత బండి కోసం చూస్తున్నాడట. "నువ్వలా గుండె చేత్తో పట్టుకుని నడపడమెందుకు? నెలాఖరుదాకా చూద్దాం. తేలకపోతే ఇచ్చేద్దాం."

ఆయన అన్నది సబబే. అదే నా బాధ. అమ్మితే నాన్న పైకేమీ అనడు, లోపల చిన్నబుచ్చుకుంటాడు. ఉంచితే అందులో పాపను ఎక్కించడానికి నాకు చేతులు రావు.

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా మా వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్ దగ్గరకు వెళ్లాం. యాభై దాటిన మనిషి, అందరూ భాయ్ అంటారు. మా వారు బానెట్ ఎత్తబోతుంటే వద్దన్నాడు.

"బండి నడిపేదెవరు సార్?"

"మా ఆవిడ."

"అయితే మీరు కాస్త అలా కూర్చోండి. అమ్మా, స్టీరింగు ఊగుతోందా, సీటు ఊగుతోందా?"

"సీటు" అన్నాను. అంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఎప్పుడెప్పుడు వస్తోంది?"

నేను సంచీలోంచి పుస్తకం తీశాను. మా వారు అటు తిరిగి నవ్వు దాచుకున్నారు. భాయ్ నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పాప విరేచనాల వివరాలు కూడా చదివే ఉంటాడు.

"అమ్మా, పామర్రు వెళ్లేటప్పుడు ఒక్కసారీ రాలేదే."

నేను తొంగి చూశాను. ఆరు సార్లు రాశాను. ఆరూ ఆదివారం సాయంత్రాలే. జ్వరాల్లో రాత్రి జ్వరం, పగటి జ్వరం అని తేడా పట్టుకునే నేను, దీన్ని పట్టుకోలేదు.

"వచ్చేటప్పుడు బండిలో ఏం వేసుకొస్తారు?"

నేను ఏకరువు పెట్టాను. యాభై కిలోల బియ్యం బస్తా మాకు, ఇంకోటి మా అత్తగారికి. ఒక గోనె కొబ్బరికాయలు. మినుములు. అరటిగెల. అమ్మ పెట్టిన పచ్చడి జాడీలు. మా ఆడపడుచు కోసం విడిగా కట్టిన మూట. ఆడపిల్ల పుట్టింటి నుంచి వట్టి చేతులతో వెళ్లకూడదని మా నాన్న నమ్మకం. బండి వెనకభాగం కిందికి దిగితే గానీ ఆయనకు తృప్తి ఉండదు.

"మరి షాపుకిచ్చేటప్పుడో?"

"అన్నీ దింపేసి, తుడిచి ఇస్తాం."

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే ముందు పాపకు స్నానం చేయించి, పౌడరు రాసి, కొత్త గౌను వేస్తాం కదా, అలాగే. జబ్బును కూడా కడిగేసి తీసుకెళుతున్నామని మాకు తోచలేదు.

భాయ్ షెడ్డులో పడున్న పాత గేరుబాక్సు ఒకటి, చచ్చిన బ్యాటరీలు నాలుగు వెనక వేయించాడు. అప్పటికీ చాలలేదు. టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరిని పిలిచి వెనక సీట్లో ఎక్కించాడు. చివరికి మా వారి వైపు చూసి, "సార్, మీరు కూడా బియ్యం బస్తా అనుకోండి" అన్నాడు. పాపను పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి, నేను స్టీరింగు పట్టుకున్నాను. భాయ్ నా పక్కన కూర్చున్నాడు.

గొల్లపూడి దాటి, కొండపల్లి వైపు హైవే మీద అరవై తాకించాను. అరవై రెండు. అరవై ఐదు. ఊఁ అని లేచింది.

"వచ్చిందమ్మా మీ పామర్రు" అన్నాడు భాయ్.

వెనక నుంచి ఒకతను, "ఇదేంది భాయ్, విమానంలాగుంది" అన్నాడు. అద్దంలో చూస్తే మా వారు ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"న్యూట్రల్ చేసి వదిలేయండమ్మా, కంగారుపడకండి."

చేశాను. ఇంజను శబ్దం పడిపోయింది. మోత మాత్రం అలాగే బండితోపాటు పరిగెత్తి, వేగం తగ్గాక గానీ ఆగలేదు.

"ఇంజనుది కాదు. ఖాళీగా ఉంటే రాదు కాబట్టి టైర్లదీ కాదు. కింద షాఫ్టుది."

షెడ్డుకొచ్చి బండిని పైకెత్తి, నన్ను కూడా వంగి చూడమన్నాడు. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే పొడవాటి ఇనుప గొట్టం. రెండు చేతులతో పట్టుకుని తిప్పితే దాని చివర టక్కు టక్కుమని కొట్టుకుంది. అక్కడ జాయింటులో ఉండే చిన్న ముక్కను క్రాస్ అంటారట. విప్పి నా అరచేతిలో పెట్టాడు. కూడిక గుర్తులా ఉంది. ఒక కొస అరిగి గీతలు పడింది, చుట్టూ కుంకుమలాంటి తుప్పు. వెనక బరువు పడితే షాఫ్టు వంపు మారుతుందని, ఖాళీ బండిలో ఈ అరుగుదల బయటపడదని చెప్పాడు.

"ఇది ఊడితే ఏమయ్యేది భాయ్?"

"ఇప్పుడు మీ చేతిలో ఉంది కదమ్మా. ఇక అడక్కండి."

రెండు క్రాసులూ కొత్తవి వేసి, "ఈసారి మీ నాన్నగారు ఎంత పెడితే అంతా వేసుకుని రండి. అప్పుడే తేలుతుంది" అన్నాడు.

ఆ శనివారం మా వారు సెలవు పెట్టుకుని మాతో వచ్చారు. నాన్నకు అంతా చెప్పక తప్పలేదు. ఆయన ముఖం చిన్నదైంది. ఆదివారం సాయంత్రం మేం బయలుదేరుతుంటే ఒక్క అరటిపళ్ల అత్తం మాత్రం తెచ్చి ముందు సీటు కింద పెట్టి ఊరుకున్నాడు.

"బియ్యమేది నాన్నా?"

"వద్దులేమ్మా. నేనే పిల్లకి యముణ్ణయ్యేవాణ్ణి."

"బస్తాలది కాదు తప్పు, జాయింటుది. నువ్వు పెట్టబట్టే బయటపడింది. ఖాళీగా తీసుకెళితే బాగైందో లేదో నాకెలా తెలుస్తుంది?"

నాన్న మా వారి వంక చూశాడు. "మొత్తం వేయమన్నాడండి మెకానిక్" అన్నారు మా వారు, చాలా గంభీరంగా.

ఇక చూడాలి. బియ్యం వచ్చింది, మినుములు, అరటిగెల వచ్చాయి, కొబ్బరికాయల గోనె కుట్టడానికి తీరిక లేక మూతి మడిచి పెట్టారు. అమ్మ జాడీలు అందించింది. మెకానిక్ కోసమని నాన్న ఇంకో అరటిగెల ఎక్కించాడు. బండి వెనక్కి దిగింది. ఆయన ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని, సరేనన్నట్టు తలూపాడు.

ఉయ్యూరు దాటాక అరవై. డెబ్బై. పాలసీసాలో పాలు కదల్లేదు. పాప కాసేపు ఎదురుచూసి, "అమ్మా, ఊఁ ఏది?" అంది. అది రాకపోయేసరికి తానే మొదలుపెట్టి, ఆ రాగంలోనే నిద్రపోయింది. కంకిపాడులో ఆగినప్పుడు మా వారు ఫోన్ తీసి, ఆఫీసులో ఆయనతో బండి ఇవ్వడం లేదని చెప్పేశారు.

బెంజి సర్కిల్ దగ్గర మలుపు తిరుగుతుంటే వెనక గడగడమని చప్పుడైంది. నేను బ్రేకు మీద కాలు వేశాను. మా వారు వెనక్కి తిరిగి చూసి, "కొబ్బరికాయ. గోనెలోంచి దొర్లింది" అన్నారు.

ఇంటికొచ్చి పాపను పడుకోబెట్టి పుస్తకం తీశాను. ఆయన భుజం మీదుగా తొంగి చూశారు.

"అది కూడా రాస్తున్నావా?"

రాశాను. ఆదివారం సాయంత్రం, డెబ్బై, నిండు బరువు, మోత లేదు. కొబ్బరికాయ ఒకటి.