రాక్షసుడి గొంతు కోసం కడపకు పోయి వస్తి

చెత్త కాదన్నా అది! నిన్న అందరి ముందర నా సంచి దులిపి, "కడప దాకా పోయి చెత్త ఏరుకొస్తివా, బడి ఎగ్గొట్టినోడి బుద్ధి ఇంతే" అంటివే ఎర్రన్నా, ఇప్పుడు ఈ కాగితంలో రాస్తాండా, చదువు. మన నాటకాల జట్టుకు నువ్వు పెద్ద, రాక్షసుడి వేషం నీది, కాదనను. మైకుసెట్టు మాత్రం నాది. రాక్షసుడు అరిస్తే మైకులో గొంతు చీలి గరగరమని రావాలని ఒక పెట్టె కడతాండా. ఈ దినం ఆటకు అది పలక్కపోతే మైకు పని నంద్యాలోళ్ళకు ఇస్తానంటివి. అందుకే మొన్న పోతి.

ఇట్లాంటి సామాన్లకు పోయేటోళ్ళకు దారి చెప్తా. కర్నూల్లో తెల్లారుజామున ఐదుకు బస్సు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీద పోతాది, కడప చేరేసరికి మిట్టమధ్యాన్నం. టికెట్టు ఆరు రూపాయలు. ఆళ్ళగడ్డలో అరగంట ఆపుతారు, ఆడనే బొరుగుల ఉగ్గాని, బజ్జి తినేయండి. దుమ్ముకు నా తెల్లచొక్కా కడపలో దిగేసరికి ఎర్రచొక్కా ఆయె.

బస్టాండు ఎనకాల సందులో మస్తాన్ బాయ్ అని ముసలాయన రేడియో రిపేరీ అంగడి ఉండాది. మిలిటరీవోళ్ళు అమ్మేసిన పాత సామాను గోడ పొడుగూతా పేర్చిండాడు. నేను రేడియోలో బల్బు మాదిరి ఉండే ఒక గాజు వాల్వు తీసుకొని, సంతలో మాయమ్మ కుండ కొన్నట్ల, వేలితో టక్కుటక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకొంటి.

"ఏయ్! కుండ కాదురా నాయనా, లోపల ఎంటిక లాంటి తీగ ఉంటాది!" అని ఆయన ఎగిరొచ్చి నా చెయ్యి పట్టుకొనె.

సిగ్గేసె. "శానా మంచివి నువ్వే ఏరియ్యి బాయ్" అని పెట్టె సంగతి చెప్తి. ఆయన నోరు తెరుచుకొని నన్నే చూసె.

"గొంతు చెడగొట్టేదానికా? అందరూ బాగుచెయ్యమని వస్తారు, చెడగొట్టమని వచ్చినోడివి నువ్వొక్కడివే!"

బల్లకింద నుంచి ఒక డబ్బా లాగె. రిపేరీలో పీకి పారేసినవన్నీ దాంట్లో ఉండాయి. "ఈ కండెన్సరు లీకు, దీనికే ఒకాయన రేడియో గొంతు బొంగురుపాయ. ఈ రెసిస్టెన్సు పాడైపాయ. నీకు కావాల్సింది ఈ రోగాలే." నేను కొట్టిన వాల్వును తన ఆంప్లిఫయరుకు తగిలించి, పెన్సిలుతో తట్టె. లౌడుస్పీకర్లో గుడిగంట మాదిరి ఖంగుమనె! నేను రెండడుగులు ఎనక్కి దుంకితి. "తడితే అరిచేదాన్ని ఎవురూ కొనరు. నీకే, తీసకపో."

తిరుగు బస్సులో వాల్వును దూదిలో చుట్టి ఒళ్ళో పెట్టుకొంటే డ్రైవరు, "ఏమప్పా, కోడిగుడ్లా?" అనె. "గుడ్లే. రాక్షసుడు పుడతాడు" అంటి.

ఈ పొద్దున ఆ సామానంతా పెట్టెలో అతికి, పందిట్లో మైకుకు తగిలించి, ఒక్క అరుపు అరిస్తి. గొంతు చీలి గరగరమని వచ్చె! కాకులన్నీ లేచిపాయ. పక్కింట్లో రొట్టెలు తడతాండిన అవ్వ పిండిచేతుల్తోనే బయటికి ఉరికొచ్చె. ఇన్నాళ్ళూ కొత్తది, గట్టిది అని కొని మూడు పెట్టెలు కడితి, మూడూ తేనె మాదిరి పలికె. పారేసిన డబ్బాలో నా సామాను ఉంటాదని ఎవురనుకుంటారు? పోయేవాళ్ళకు ఒకటే మాట: మీ పెట్టె ఎంట తీసకపోండి, అంగట్లోనే తగిలించి చెవితో విని ఏరుకోండి.

అదేంది? పందిట్లో ఎవురో అరుస్తాండారే! నేను ఈడుంటే మైకు ఎవురు పట్టిరి? ఓరి దేవుడా, ఎర్రన్నే! ఒక్కడే నిలబడి అరుస్తాండాడు. మళ్ళా. ఇదో, మళ్ళా! చాలన్నా, స్పీకరు చినిగిపోతాది! నేను పోవాల.