చెయ్యి సాపు

ఎక్కం తప్పిన పిల్లల మీద మా లెక్కల టీచరమ్మ అరిచేది కాదు. మెల్లగా "చెయ్యి సాపు" అనేది. ఆ వెంటనే స్కేలు దెబ్బ పడేది.

అనకాపల్లి బళ్ళలోకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఆ బడికే కంప్యూటర్ టీచరుగా వచ్చిన నేను, ఆడుతూ ఎక్కాలు నేర్చుకునే సీడీ ఒకటి తెచ్చాను. "ఆటలాడితే లెక్కలొత్తాయేటండి?" అని ఆవిడ మూతి విరిచింది.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్ రూము గుమ్మం బయట ఆవిడ చెప్పులు కనిపించాయి. లోపల ఒక్కతే కూర్చుని ఆ ఆటే ఆడుతోంది. ఏడెనిమిదులెంత అని తెర మీద కుందేలు అడిగింది. ఆవిడ కావాలనే తప్పు అంకె నొక్కింది. నొక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని, తెర ముందు ఎడమ చెయ్యి చాపింది. నేను చెప్పులు విడిచి గుమ్మంలోకి వచ్చాను.

కుందేలు నవ్వి, మళ్ళీ చెప్పమంది. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇది కొట్టదేటండి?" అంది.