చేతివలలో బరువు

మా పెద్దమ్మ సేంగ్లా, ఊరి కొండ మీది అమెరికా క్యాంపులో బట్టలు ఉతికేది. ఊళ్లో ఆమెకు పేరు వచ్చింది మాత్రం వేరే పని వల్ల. గేదె తరిమితే జడుసుకున్న పిల్లల్నీ, వాంగ్ నదిలో మునిగి తేలినవాళ్లనీ, మొగుడు పోయి నోరు పెగలని ఆడవాళ్లనీ ఆమె దగ్గరికి తీసుకొచ్చేవారు. మనిషి ఒంట్లో ముప్ఫై రెండు ఖ్వాన్‌లు, అంటే ప్రాణాన్ని అంటిపెట్టుకుని ఉండే చిన్న ఆత్మలు, ఉంటాయి. భయపడినప్పుడు అందులో ఏదో ఒకటి జారి అక్కడే పడిపోతుంది. ఇక మనిషికి తిండి సహించదు, కంటి మీద కునుకు రాదు. పెద్దమ్మ తన చేపల చేతివల పట్టుకుని, ఆ మనిషి జడుసుకున్న చోటికే వెళ్లి, పేరు పెట్టి పిలిచి, నేల మీద నుంచి ఆ ఖ్వాన్‌ను తోడుకొచ్చేది. ఉడికిన గుడ్డు, అరటిపండు, జిగురన్నం తినిపించి మణికట్టుకు తెల్లదారం కట్టేది.

అప్పట్లో యుద్ధం తూర్పున మేకాంగ్ అవతల జరుగుతోంది. బాంబులు మోసే విమానాలు మా లంపాంగ్ కొండల మీదుగా పోయేవి. మా కొండ మీది సైనికులకు ఆ విమానాలతో కూడా పని లేదు. కొండ తలను చదును చేసి, అక్కడున్న మా కొండదేవర గుడిసెను దిగువకు జరిపించి, రావిచెట్టంత ఎత్తున ఒక తెల్లటి గిన్నెను నిలబెట్టారు. అది మెల్లగా తల తిప్పుతూ ఆకాశంలో దేన్నో వెంబడించేది. అక్కడ దుబాసీగా ఉన్న బ్యాంకాక్ మనిషి ప్రయూన్ ఊరివాళ్లకు చెప్పాడు: భూమి చుట్టూ తిరిగే వస్తువులు చాలా ఉన్నాయి, వాటిలో శత్రువులవి ఏవో, అవి ఏ వేళకు ఎటు పోతాయో చూడటమే వీళ్ల కొలువు. మా పెదనాన్న సుక్ అది విని, కింద ఉన్న మనుషులతో తగువులు చాల్లేదు కాబోలు, పైన వెతుక్కుంటున్నారు అన్నాడు. ఊరంతా నవ్వింది.

ఆ సైనికుల్లో వెర్నన్ హాల్‌స్టెడ్ అనే సార్జెంటు ఉండేవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. పెద్దమ్మకు అతని సంగతి దుప్పట్ల ద్వారా తెలిసింది. అందరి దుప్పట్లూ నలిగి, మాసి వచ్చేవి. అతనివి ఇస్త్రీ మడత విప్పకుండానే తిరిగి వచ్చేవి. మంచం మీద మనిషి పడుకోవడం లేదన్నమాట. తర్వాత గమనిస్తే, పని లేని వేళల్లో కూడా అతను క్యాంపు కంచె దగ్గర నిలబడి, పట్టపగలు, ఏమీ కనిపించని ఆకాశం వైపు చూస్తూ ఉండేవాడు. చొక్కా భుజాల మీద వేలాడేది. వైద్యుడు మాత్రలిచ్చాడు, పని చేయలేదు.

ఒక రోజు వెర్నన్‌కు ఉతికిన బట్టలు ఇవ్వబోతూ పెద్దమ్మ ప్రయూన్‌ను పిలిచింది.

"ఈ అబ్బాయి దేన్ని చూసి జడుసుకున్నాడో అడుగు తమ్ముడూ."

"అక్కా, వీళ్లు సైన్యం వాళ్లు. ఇట్లాంటివి అడగకూడదు."

"నేను రహస్యాలు అడగట్లేదు. భయం అడుగుతున్నాను."

ప్రయూన్ అడిగాడు. వెర్నన్ మొదలుపెట్టి ఆపకుండా చెప్పుకుపోయాడు. ఇక్కడికి రాకముందు టర్కీలో ఇలాంటి కొండ మీదే పనిచేశాడట. అవతలి పక్షం రష్యావాళ్లు ముగ్గురు మనుషుల్ని అంతరిక్ష నౌకలో పైకి పంపారు. వాళ్లు కొన్ని వారాలు అక్కడే తిరుగుతూ ఉన్నారు. ఆ నౌక తమ మీదుగా పోయినప్పుడల్లా చూడటం ఇతని పని. శత్రువులే, కానీ చూడగా చూడగా పక్కింటివాళ్లలా అయిపోయారు. ఇప్పుడు లేచి ఉంటారు, ఇప్పుడు తింటూ ఉంటారు అనుకునేవాడు. వాళ్లు దిగే రోజున నౌక సరైన దారిలో కిందికి జారడం చూసి, పాపం ఇల్లు చేరుతున్నారని పక్కవాడితో చెప్పి సంతోషపడ్డాడు. నేల మీద తలుపు తీసి చూస్తే ముగ్గురూ కూర్చున్నచోటే చనిపోయి ఉన్నారు. తను చూసి సంతోషపడిన ఆ వేళకే వాళ్లలో ప్రాణం లేదు. అప్పటి నుంచి తెర మీద ఏ చుక్క కదిలినా, అందులో ఎవరో ఉన్నారనీ, తనకు తెలియకుండా చచ్చిపోతున్నారనీ అనిపిస్తోంది.

వాళ్లెలా చనిపోయారన్నది ప్రయూన్ విడమరిచి చెప్పలేదు, పెద్దమ్మ అడగనూ లేదు. ఆమె ఒక్కటే అడిగింది, నీది ఎక్కడ పడిపోయిందని. వెర్నన్ వేలెత్తి పైకి చూపించాడు.

ఇంటికొచ్చి ఆమె పెదనాన్నతో, అంత ఎత్తు నుంచి ఎవరూ తోడినట్టు వినలేదంది. వల పిడి పొడుగు చేయించనా అని ఆయన వేళాకోళం చేశాడు. ఆమె నవ్వలేదు. బట్టలు బండకు కొడుతూ ఆ పేరు సాధన చేసింది. పిలుపులో మనిషి పూర్తి పేరు ఉండాలి. లేకపోతే ఎవరిని పిలుస్తున్నామో వచ్చేవాళ్లకు తెలియదు.

ఒక ఉదయం మంచు విడిచాక, కంచె బయట గడ్డిలో వెర్నన్ సిగ్గుపడుతూ కూర్చున్నాడు. ప్రయూన్ పక్కనే ఉన్నాడు. పెద్దమ్మ చేతివలను నేలకు కాకుండా ఆకాశానికి ఎత్తింది. పేరు దగ్గరకొచ్చేసరికి నాలుక మడత పడింది. మళ్లీ ప్రయత్నించింది, రాలేదు. పిలుపు మధ్యలో ఆపకూడదు. ఆమె నోటికి వచ్చింది ఇది:

"పైన తిరుగుతున్న నాయనా, రా. అక్కడ చలి. ఇక్కడ అన్నం వేడిగా ఉంది. ఇంటికి రా."

మా యాసలో ఒకరిని పిలిచినా పదిమందిని పిలిచినా మాట ఒక్కటే.

ఖ్వాన్ వలలో పడితే కొంగ ఈక పడ్డంత బరువు కూడా ఉండదట. ఆ రోజు పిడి ఆమె చేతిలో కిందికి వంగింది. రెండో చెయ్యి కూడా వేసి పట్టుకోవాల్సి వచ్చింది. వెర్నన్ గుడ్డూ అన్నమూ తిన్నాడు, దారం కట్టించుకున్నాడు, వెళ్లి మర్నాటి దాకా నిద్రపోయాడు. ఆ వారం అతని దుప్పట్లు నలిగి వచ్చాయి.

పెద్దమ్మ ఇంట్లో కిటికీలు తెరుచుకోవడం అప్పుడే మొదలైంది. పడకగదికి మూడు చెక్క కిటికీలు. వాన వస్తుందని మూసి గడియ పెడితే, పొలం నుంచి వచ్చేసరికి మూడూ బార్లా తెరిచి ఉండేవి. పెదనాన్న కోతులన్నాడు. కొత్త గడియలు వేశాడు. అవీ అంతే. మిట్టమధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నీళ్లలో మునిగి పైకొచ్చినవాడు పీల్చినట్టు ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించేది. కుక్క మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయేది.

కొంతకాలానికి అమెరికావాళ్లను వెళ్లిపొమ్మని మా ప్రభుత్వం చెప్పింది. గిన్నెను ముక్కలుగా విప్పి తీసుకెళ్లారు. వెర్నన్ పెద్దమ్మ ఇంటికి వచ్చి ఆమెకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. మనిషి నిండుగా ఉన్నాడు. అతను జీపెక్కాక పెద్దమ్మ ప్రయూన్‌ను పక్కకు పిలిచింది.

"ఆ ముగ్గురూ దేనివల్ల పోయారు తమ్ముడూ?"

"గాలి అందక అక్కా. నౌకలో గాలంతా బయటికి పోయిందంట."

ఆ సాయంత్రం నుంచి పెద్దమ్మ కిటికీలు మూయడం మానేసింది. మూడు ఆకుల్లో జిగురన్నం పెట్టి కిటికీ గట్ల మీద ఉంచేది. పెదనాన్న మొదట్లో గొణిగాడు. పరాయి దేశం చావుల్ని మన ఇంట్లో పెట్టుకుంటావేమే అన్నాడు. ఆమె, పిలిచింది నేనే కదా, పొమ్మని ఎట్లా అంటాను అంది. విహారంలో భిక్షువు పుణ్యం ధారపోస్తాను, పేర్లు చెప్పమన్నాడు. పేర్లు ఆమెకు తెలియవు. తెలిసిన ప్రయూన్ ఎక్కడున్నాడో తెలియదు. అలాగే ఏళ్లు గడిచాయి. పెదనాన్న కూడా ఆ తెరిచిన కిటికీల గదిలోనే ముసలివాడై కన్నుమూశాడు.

నా కూతురు పిమ్‌చన్ పెద్దయ్యాక మా దేశపు వైమానిక దళంలో చేరింది. అక్కడ ఆకాశం పైభాగాన్ని కనిపెట్టి చూసే విభాగంలో వేశారు. సెలవుకు వచ్చి ఆ కబుర్లు చెప్పింది. ఇప్పుడు ఇది అమెరికా, రష్యాల పని మాత్రమే కాదట. చైనా, ఫ్రాన్స్, జపాన్, ఇండియా, అందరికీ అలాంటి దళాలున్నాయి. పైన దారులన్నీ కిక్కిరిసిపోయాయట. పెద్దమ్మ అంతా విని ఒక మాట అడిగింది.

"అన్ని దేశాల్లో నీలాగా చూస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు కదా. వాళ్లకి నిద్ర పడుతోందా తల్లీ?"

పిమ్‌చన్ నవ్వి, చాలావాటిలో మనుషులుండరు అమ్మమ్మా అంది. అయినా నాకు మాత్రం సరిగా పట్టదు అంది.

అప్పుడు పెద్దమ్మ ఆ ముగ్గురి కథంతా చెప్పింది. పిమ్‌చన్ ముందు నా వైపు చూసింది, అది నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. మూడు పేర్లు కనుక్కోవడం ఆమెకు పెద్ద పని కాలేదు. వాళ్ల ఊళ్లు, భార్యల పేర్లు కూడా చెప్పింది. పెద్దమ్మ వాటిని ఆ వర్షాకాలమంతా వల్లె వేసింది. పళ్లు లేని నోటికి ఆ పేర్లు చాలా కష్టమయ్యాయి.

చలి మొదలయ్యాక మేం ఆమెను మోటారుబండి మీద కూర్చోబెట్టి కొండ ఎక్కించాం. గిన్నె నిలబడిన సిమెంటు దిమ్మె పగుళ్లలో గడ్డి మొలిచింది. ఆమె మూడు అన్నం పొట్లాలు దిమ్మె మీద పెట్టింది. చేతివలను బోర్లించి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, మీ ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు, దారికి అన్నం కట్టాను, వెళ్లిరండి నాయనా అని చెప్పింది. మొదటి రెండు పేర్లూ శుభ్రంగా పలికింది. మూడోది పలికేటప్పుడు దగ్గు వచ్చింది. మళ్లీ అంది. సరిగ్గా అన్నానా అని పిమ్‌చన్‌ని అడిగింది. దగ్గరగానే ఉంది అమ్మమ్మా అంది పిమ్‌చన్.

ఆ రాత్రి గడిచాక చూస్తే రెండు కిటికీలు మేం మూసినట్టే ఉన్నాయి. గుమ్మం పక్కది తెరిచి ఉంది.

పెద్దమ్మ దాని గురించి బాధపడలేదు. ఒక్కడే మిగిలాడు, చిన్నవాడై ఉంటాడు, భయమేమో అంది. ఆ మూడో పేరు కోసం నోరు తిప్పుతూనే ఉండేది. నిరుడు ఎండాకాలంలో పోయింది. ఆ పేరు పలకడం పిమ్‌చన్‌కు వచ్చు, నాకూ వచ్చు. కానీ పిలిచినవాళ్లే పంపాలి, మా మాట అతను వినడు.

ఇల్లు ఇప్పుడు మాది. ఆ గదిలో వడ్లు పోసుకుంటున్నాం. వాన కొట్టే రోజుల్లో బస్తాలను ఆ కిటికీకి దూరంగా జరిపి, కింద గోనెపట్టా పరుస్తాం.