బాపు అంగీ పంపిన ఆపద మెసేజ్

ఆరు వారాల కింద బాపుకు కొత్త ఫోన్ కొనిచ్చి, ఫీచర్లన్నీ నేనే పెట్టాను. పక్క బటన్ ఐదుసార్లు నొక్కితే నాకు ఆపద మెసేజ్ వస్తుంది. ఈ రోజు కరీంనగర్‌లో ఆఫీసులో ఉండగా అది వచ్చింది. పదకొండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. బస్టాండుకు పరుగెత్తి ఊరి బస్సు ఎక్కుతుంటే బాపే చేశాడు. ఇంట్లోనే సాంచె, అంటే మరమగ్గం, నడుపుతాడు.

"నాకేమైతది బిడ్డా? ఉక్కపోస్తుందని అంగి ఇడిసి సాంచెకు తగిలేసిన. అది ఊగంగ జేబుల ఫోన్ బటన్ సాంచెకు కొట్టుకున్నట్టున్నది. గీ చప్పుడుల నీ ఫోన్ ఇనపడలే."

"మరి నిజంగ ఏమన్నయితే నాకెట్ల తెలుస్తది బాపూ?"

"కండెల దారం అయిపోయినంక నేను మార్చకుంటే సాంచె ఆగే ఉంటది. జరసేపు చప్పుడు లేకుంటే గోడవతల రహీం ఉరికొస్తడు. ఫికర్ చెయ్యకు."

బస్సు కదలకముందే దిగి, బస్టాండులోనే చాయ్ తాగాను. ఆరు వారాలుగా ఆ ఫోన్‌లో ఏవేవో పెట్టాను గానీ, రహీం చాచా నంబరు మాత్రం నా దగ్గర లేదు. ఇప్పుడే బాపునడిగి తీసుకున్నాను. మీ ఇంటి గోడవతలి వాళ్ల నంబరు మీ దగ్గరుందా?