పెరుగు బండిలో పెద్దమామయ్య

2006 ఫిబ్రవరి 15, బుధవారం. తెల్లవారుజామున కాస్త మంచు పట్టింది, తొమ్మిదయ్యేసరికి ఒంటికి హాయిగా ఉండే ఎండ వచ్చింది. ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు మా మేనకోడలు శిరీష పెళ్లి. ఉప్పల్‌లో పెళ్లి జరుగుతుంటే, పెళ్లికూతుర్ని మోయాల్సిన మేనమామ ఊరవతల అన్నోజిగూడలో పెరుగు క్యాన్ల పక్కన పడుకుని ఉన్నాడు. ఆ మేనమామను నేనే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. జనం, మైకు, మేళం, ఈ మూడూ ఒకచోట చేరితే గంటలో నా ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టవుతుంది. మాటలు వినిపిస్తాయి, అర్థం కావు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రయోగశాలలో యంత్రాల మధ్య గడిపాను కనుక ఎవరికీ తెలియలేదు. యంత్రాలు ‘ఏమండీ, బాగున్నారా’ అని అడగవు. రిటైరయ్యాక ఒక డాక్టరు చూసి, "జబ్బేం కాదండీ, మీ తత్వమే అంత. ఉన్న ఓపికను చూసుకుని వాడుకోండి" అన్నాడు.

ఆ ముక్క మా ఆవిడ సుశీల పట్టుకుంది. మా నాచారంలో అప్పుడు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ట్యాంకులో కర్ర ముంచి చూసి, ఏ పనికి ఎన్ని చెంబులో ఆవిడే చెప్పేది. చుట్టాలు వస్తే వాళ్లకీ చెప్పేది, అందుకని మా ఇంట్లో ఎవరూ రెండు రోజులకు మించి ఉండేవారు కాదు. పెళ్లికి ముందురోజు నాకూ అలాగే లెక్క చెప్పింది.

"చుట్టాల పలకరింపులకి రెండు చెంబులు. అంతకుమించి ఎవరు ఆపినా దండం పెట్టి ముందుకు నడవండి. మిగతాదంతా బుట్టకి."

బుట్ట అంటే, మా వైపు పెళ్లికూతుర్ని మేనమామలు పెద్ద వెదురుబుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్తారు. శిరీషకు తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. అప్పట్నుంచీ దాని లెక్కలు, సైకిలు, జ్వరాలు అన్నీ నా దగ్గరే. పెళ్లి కుదిరిన రోజునే చెప్పింది. "పెద్దమామయ్యా, బుట్ట ముందువైపు నువ్వే పట్టాలి. నువ్వు పట్టకపోతే నేను బుట్టే ఎక్కను." అది ఆ మాట అన్నదంటే అంతే. అప్పుడు నాకు అరవై ఎనిమిది.

పెళ్లి రోజు పొద్దున్నే రెండు చెంబులూ ఎనిమిదిన్నరకే అయిపోయాయి. భీమవరం నుంచి వచ్చిన ఒక్క వియ్యపురాలే చెంబున్నర తాగేసింది. ముహూర్తం పదకొండు ఇరవైకి. సుశీల నా మొహం చూసి, హాలు వెనక వేపచెట్టు నీడలో ఆగి ఉన్న, పెళ్లి పనులకి మాట్లాడిన వ్యానులోకి తీసుకెళ్లింది. మోగుతుందని నా సెల్‌ఫోను తన సంచిలో వేసుకుంది. చెవుల్లో దూది పెట్టి, వెనకసీట్లో పడుకోబెట్టి దుప్పటి కప్పింది. "పదిన్నరకి నేనే వచ్చి లేపుతాను. మీరు కదలొద్దు."

నేను కదల్లేదు. వ్యాను కదిలింది.

కాళ్ల మీద ఏదో చల్లగా, బరువుగా పడేసరికి మెలకువ వచ్చింది. పెరుగు క్యాను. దాని వెనక ఒక మనిషి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. డ్రైవరు మల్లేశం.

"ఎవరు సారూ నువ్వు? బండ్ల ఎప్పుడెక్కినవ్?"

"పెళ్లికూతురి మేనమామను. ఇదెక్కడ?"

"అన్నోజిగూడ. వంటాయన పెరుగు తెమ్మన్నడు." వాచీ చూశాడు. "పదిన్నరైతంది."

ఎవరికైనా ఫోను చేద్దామంటే నాకు కంఠతా వచ్చింది మా ఇంటి నంబరు ఒక్కటే, ఇంటికి తాళం. మల్లేశం వంటాయనకు చేశాడు.

"అన్నా, పెండ్లిపిల్ల మేనమామ నా బండ్ల ఉన్నడు."

"సరే గానీ, క్యాన్లు ఎన్ని ఇచ్చిన్రు?"

"నాలుగు. గని ఈ పెద్దమనిషి..."

"నాలుగు సాల్తయ్, జల్ది తే." పెట్టేశాడు.

బండి హైవే ఎక్కింది. నేను చెవుల్లో దూది సర్దుకోవడం అద్దంలో చూసి మల్లేశం అడిగాడు. "సారూ, మాట్లాడమంటవా, సప్పుడు చెయ్యకుండ ఉండమంటవా?"

"చెయ్యకు నాయనా. ఉన్న ఓపికంతా పిల్లను మొయ్యడానికి దాచుకోవాలి."

"ఫికర్ చెయ్యకు" అని రేడియో ఆపేశాడు. ఉప్పల్ చౌరస్తాలో హారను కొట్టకుండా బండి నడిపిన మనిషిని అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నిజం చెప్పాలంటే మధ్యలో మళ్లీ ఒక కునుకు తీశాను.

పదకొండూ అయిదుకి హాలు చేరాం. పంతులుగారు మైకులో "పెళ్లికూతుర్ని తీసుకురండి" అని నాలుగోసారి పిలుస్తున్నారు. ఖాళీ బుట్ట గది గుమ్మంలో ఉంది. శిరీష చేతిలో కొబ్బరికాయతో దాని పక్కన నిలబడి ఉంది. సుశీల కళ్లు ఎర్రబడ్డాయి. మా చెల్లెలు రాజ్యం కూతుర్ని బతిమాలుతోంది. "సూర్యం మామయ్య పడతాడే, ఎక్కవే తల్లీ, ముహూర్తం దాటిపోతోంది." సూర్యం మా తమ్ముడు.

"పెద్దమామయ్య వస్తాడు" అంటోంది శిరీష.

నన్ను చూడగానే రాజ్యం, "ఎక్కడికి పోయావు అన్నయ్యా?" అంది.

"పెరుగుకి" అన్నాను. పంచె మీద పెరుగు మరక కూడా ఉంది. ఇంటికి పెద్దవాడై ఉండి పెరుగు కోసం స్వయంగా వెళ్లాడని మగపెళ్లివారు ఇప్పటికీ మెచ్చుకుంటారు. నేను కాదనలేదు.

శిరీష బుట్ట ఎక్కింది. వంగి ముందువైపు పట్టుకున్నప్పుడు నా చెవి దగ్గర మెల్లగా అంది. "దూది తియ్యకు మామయ్యా. మేళం పక్కనుంచే వెళ్లాలి."

నలభై అడుగులు. మోశాను. దించాను. ఆ తర్వాత నా ట్యాంకులో చుక్క లేదు. సుశీల చెయ్యి పట్టుకుని మళ్లీ వ్యాను దగ్గరికి నడిపించింది. మల్లేశం తాళం జేబులో వేసుకుని, "బండి ఈడనే ఉంటది, పండుకో" అన్నాడు. నా మేనకోడలికి తాళి కట్టడం నేను సీడీలో చూశాను.

మా వంశంలో పంచుకోవడానికి ఆస్తులు లేవు. శిరీష కొడుక్కి మా నాన్న ముక్కు వచ్చింది. రాజ్యం గొంతూ వాడికే వచ్చింది. నా తత్వం మాత్రం ఎవరికీ రాకూడదనుకున్నాను. శిరీష కూతురికి వచ్చింది. మొన్న చిల్కానగర్‌లో దాని నాలుగో పుట్టినరోజుకి బెలూన్లు పగులుతుంటే, చెవులు మూసుకుని మంచం కిందికి దూరింది. నేనూ మెల్లగా దూరి పక్కన పడుకున్నాను. వాళ్ల నాన్నకు మాత్రం ఈ తత్వంలో వాటా ఏమీ దక్కలేదు. కేకు ముందు నిలబడి, మైకులో మా ఇద్దర్నీ పిలుస్తూనే ఉన్నాడు.